పోశవ్వ చల్లగుండమని దీవించదు

మే నెలలో అమీర్‌పేటకు చల్లదనాన్ని మించిన దైవం లేదు. కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద కోర్సు పేరు కంటే ‘ఏసీ క్లాసులు’ అన్న మాటే పెద్దగా ఉంటుంది. రైలెక్కే పని లేనివాళ్ళు కూడా మెట్రో స్టేషన్లో కాసేపు నిలబడి పోతారు. చలివేంద్రంలో నీళ్ళు చల్లగా లేవని ఊరికే తాగేవాడే తిడతాడు. తెలుగు అసలే ఎండదెబ్బ తిన్నవాళ్ళ భాష. మనకు మంచిదల్లా చల్లగా ఉంటుంది: చల్లని తల్లి, చల్లని చూపు, చల్లని వేళ, నీ కడుపు చల్లగుండ. ఒంటికి మేలు చేసేది చలవ, చాకలి బట్టకు చేసేదీ చలవే. కీడంతా వేడి. కోపం వేడి, జ్వరం వేడి, కురుపు లేస్తే వేడి చేసింది. పెళ్ళింట్లో పని చెప్తారేమోనని తప్పించుకునేవాడు సైతం చల్లగానే జారుకుంటాడు.

ఇంత మంచి మాట ఒక్క చోట మాత్రం ఎదురుతిరుగుతుంది. ‘ఒళ్ళు చల్లబడింది’ అన్నాక ఇంకేం చెప్పడానికీ ఉండదు. పోశవ్వ ముప్ఫై ఐదేళ్ళుగా ఆ ఒక్క చోటే కాపురం ఉంటోంది.

ఆమె పసిపిల్లలకు నీళ్ళు పోస్తుంది. అమీర్‌పేట, ఎస్సార్ నగర్, పంజాగుట్ట అపార్ట్‌మెంట్లలో బాలింతలున్న ఇళ్ళకు పొద్దున్నే వెళ్తుంది. పొట్టి పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ దాకా లాక్కుని, కాళ్ళు చాపి, బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి, నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ పట్టి, పొత్తిగుడ్డలో చుట్టి తల్లి పక్కన పెడుతుంది. సిరిసిల్లలో మగ్గం నడిపిన మొగుడు ఉప్పలయ్య ఇప్పుడు అమీర్‌పేటలో ఒక మెట్ల కింద మిషన్ వేసుకుని హాస్టల్ పిల్లల ప్యాంట్లు పొట్టి చేస్తాడు. ఇద్దరూ బల్కంపేటలో ఒక గదిలో ఉంటారు.

నీళ్ళు పోసే ముందు పోశవ్వ బిడ్డ రెండు పాదాలూ పట్టుకుని కళ్ళకద్దుకుంటుంది. ఆ దృశ్యం చూసి అపార్ట్‌మెంట్ల జనం కరిగిపోతారు. ఒకావిడ ఫోటో తీసి, ‘పసిబిడ్డలో దేవుణ్ణి చూసే మనిషి’ అని రాసి, దండాల బొమ్మలు ఆరు పెట్టి వాట్సాప్ గ్రూపులో వేసింది. అందులో భక్తి పిసరంత కూడా లేదు. ముప్ఫై ఏళ్ళుగా నూనెలోనూ వేణ్ణీళ్ళలోనూ నాని ఆమె వేళ్ళు మొద్దుబారాయి. పాదం వెచ్చగా ఉందో లేదో వేళ్ళకు తెలియదు. కనురెప్ప పల్చన, దానికి తెలుస్తుంది. ఆమె కొలుస్తోంది. ఆ మాట పైకి అంటే తల్లులు కంగారు పడతారని, దండం పెట్టినట్టు చేస్తుంది.

ఈ కొలత ఆమెకు ఊరికే రాలేదు. పంతొమ్మిదేళ్ళప్పుడు, సిరిసిల్లలో, పుష్యమాసంలో తొలిచూలు ఆడపిల్ల పుట్టింది. చిన్న పిల్ల, ఏడవని పిల్ల. “సల్లటి బిడ్డ, తల్లిని సతాయిస్తలేదు” అని అత్త వాడంతా చెప్పుకుంది. వాడవాళ్ళు వచ్చి మెచ్చుకుని పోయారు. పోశవ్వ గర్వపడింది. రెండోరోజు పాదం పట్టుకుంటే మగ్గం ఇనుము ముట్టుకున్నట్టుంది. చలికాలం కదా, అందరి కాళ్ళూ అంతే అనుకుంది. నాలుగోరోజు పొద్దున నీళ్ళు పోశారు. ఎంత నెమ్మదస్తులైన పిల్లలైనా నీళ్ళు పడితే ఏడుస్తారు. ఆ పిల్ల ఏడవలేదు. మధ్యాహ్నం ఉప్పలయ్య తన మగ్గం మీది గుడ్డలోనే చుట్టి తీసుకుపోయాడు. దేవుడిచ్చిండు, దేవుడే తీస్కపోయిండు అన్నారు పెద్దలు. దేవుడి మీద పెట్టిన కేసుకు విచారణ ఉండదు.

రెండేళ్ళకు కొడుకు ఓంప్రకాష్ పుట్టినప్పుడు, సర్కారు దవాఖానలో ఒక నర్సు ఆమె చెయ్యి పట్టుకుని బిడ్డ పొట్ట మీద పెట్టింది, తర్వాత పాదం మీద పెట్టింది. పొట్టా పాదమూ వెచ్చగుంటే బిడ్డ మంచిగున్నట్టు. పొట్ట వెచ్చగుండి పాదం చల్లగుంటే బిడ్డకు చలి పెడుతున్నట్టు. రెండూ చల్లగుంటే ఉరుకు. ఇదీ నర్సు చెప్పిన మొదటి పాఠం. పోశవ్వ మంచం మీదే కూర్చుని ఏడ్చింది. కొడుకు పుట్టిన సంతోషం అనుకున్నారు.

అప్పట్నుంచి ఆమె నోట ఆ దీవెన రాదు. నీళ్ళు పోయడమయ్యాక, “చల్లగా ఉండమని దీవించు పోశవ్వా” అని అడుగుతారు. “వెచ్చగుండు బిడ్డా” అంటుంది. నవ్వుతారు. తెలుగులో అలాంటి దీవెన లేదు.

భయం తెలివైనదని చెప్పను. నిరుడు మధురానగర్‌లో ఒక ఇంట్లో, అంతకు ముందు పంజాగుట్టలో ఒక ఇంట్లో, పాదం చల్లగుందని గోల చేసి అందర్నీ ఆసుపత్రికి పరుగెత్తించింది. రెండుసార్లూ పిల్లలు నిక్షేపంగా ఉన్నారు. ఒక డాక్టరు నవ్వాడట. రెండిళ్ళవాళ్ళూ మర్నాటి నుంచి రావద్దన్నారు. వాచ్‌మన్లు ఆమెకు ‘పరేషాన్ పోశవ్వ’ అని పేరు పెట్టారు.

“ఏమే, నీది చెయ్యా, థర్మామీటరా?” అన్నాడు ఉప్పలయ్య, మధురానగర్ ఇల్లు పోయిన రాత్రి. “గిట్లనే చేస్తే ఒక్క ఇల్లు మిగలది.”

“మిగలకపోతే మిగలకపాయె.”

ఆయన అటు తిరిగి పడుకున్నాడు. తొలి బిడ్డను చుట్టిన గుడ్డ నేసింది ఆయనే.

ఈ మేలో ఎస్సార్ నగర్‌లో నాలుగో అంతస్తు ఇల్లు ఒకటి కుదిరింది. హైందవి, ఫణీంద్ర ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. పురుడు పోయడానికి హైందవి తల్లి కమలకుమారి భీమవరం నుంచి వచ్చింది. పిల్ల మూడు వారాలు ముందే పుట్టింది, రెండు కిలోల వంద గ్రాములు. పదకొండో రోజున పురిటి స్నానం. తల్లికీ బిడ్డకూ తలంటి, ఇల్లు శుద్ధి చేసుకుంటే మైల పోతుంది. ఆ స్నానం పోశవ్వ చేయించాలి.

ఆమె పద్ధతి ప్రకారం ముందు రోజే వెళ్ళి చూసొచ్చింది. పాదాలు కళ్ళకద్దుకుంది. వెచ్చగానే ఉన్నాయి. పిల్ల ఉన్న గదిలో ఏసీ మాత్రం బంద్ చెయ్యమని చెప్పి వచ్చింది.

మర్నాడు ఏడున్నరకు తలుపు తీసేసరికి గదిలోంచి చలి ముఖాన కొట్టింది.

“రామ్మా, రా,” అంది కమలకుమారి. అప్పటికే పట్టుచీర కట్టుకుని ఉంది. “తొమ్మిదింటికి వర్జ్యం వచ్చేస్తుందట. ఎనిమిదిన్నరకల్లా స్నానాలైపోవాలి.”

“ఏసీ బంద్ చెయ్యమంటి గదమ్మా.”

“చేశామమ్మా. సాయంత్రానికి చూడు, పిల్లకి ఒళ్ళంతా ఎర్రగా పొక్కులు! ఎంత వేడి చేసిందో పాపం. తడిగుడ్డతో తుడిచి, చందనం రాసి, గది చల్లగా చేసేసరికి హాయిగా పడుకుంది. రాత్రంతా ఒక్క ఏడుపు లేదు. బంగారుతల్లి.”

భీమవరం ఎండల్లో ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి. పొక్కులంటే వేడి, వేడికి చందనం. ఆమె తల్లి చేసింది, అమ్మమ్మ చేసింది. పెద్దల మాట చద్దిమూట అంటారు. మూట విప్పి ఒకసారి వాసన చూడమని ఎవరూ అనరు. పుట్టిన కొత్తలో వచ్చే పొక్కులు చాలావరకు వాటంతటవే పోతాయి. ముగ్గురు పిల్లలూ బతికారు కనుక చందనానికి పేరు వచ్చింది.

పోశవ్వకు చివరి మాటే వినబడింది. రాత్రంతా ఒక్క ఏడుపు లేదు.

నాలుగడుగుల్లో మంచం దగ్గరికి వెళ్ళింది. వంగి, గుడ్డ తొలగించి, పాదాలు రెప్పలకు ఆనించుకుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా ఆనించుకున్నట్టుంది. కళ్ళు తెరిచి చూస్తే పాదాలు నీలంగా ఉన్నాయి. పొట్ట మీద చెంప పెట్టింది. పొట్టా చల్లగానే ఉంది.

“ఎంత భక్తో చూడు,” అంది కమలకుమారి కూతురితో.

“పాలెప్పుడు తాగింది బిడ్డ?” అని హైందవిని అడిగింది పోశవ్వ.

“మూడింటికి పట్టాను. నోరు తెరవలేదు. నిద్రలో ఉందనుకున్నా. ఏం?”

“నేను నీళ్ళు పొయ్య.”

“అదేంటి?” అంది కమలకుమారి.

“బిడ్డ సల్లబడ్డది. దవాఖానకు పోదాం.”

కమలకుమారి ముఖం ఎర్రబడింది.

“ఏం మాటలే అవి? పురుడు రోజు, శుభమా అని స్నానానికి పిలిస్తే నోట్లోంచి అంత మాట వస్తుందా? తథాస్తు దేవతలుంటారు!”

“కాళ్ళు చల్లగానే ఉంటాయి కదండీ చిన్నపిల్లలకి?” అన్నాడు ఫణీంద్ర నెమ్మదిగా. “మీకు కొంచెం భయం ఎక్కువని కింద వాచ్‌మన్ చెప్పాడు.”

“పొట్ట సుత సల్లగుంది సార్.”

కరోనా రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటరు తెచ్చాడు ఫణీంద్ర. పిల్ల నుదుటి దగ్గర పెట్టి నొక్కాడు. అంకె రాలేదు. మూడుసార్లు నొక్కినా రాలేదు. “బ్యాటరీ పోయినట్టుంది,” అన్నాడు.

“నాకు పెట్టు సార్.”

ఆమె నుదుటికి పెట్టి నొక్కాడు. అంకె వచ్చింది. మళ్ళీ పిల్లకు పెట్టాడు. రాలేదు. థర్మామీటరు పక్కన పడేసి కారు తాళాల కోసం చూశాడు.

కమలకుమారి ఇంకా గట్టిగానే ఉంది. “స్నానం కానిచ్చి వెళ్ళొచ్చు కదా! పది నిమిషాలు. మైలతో గడప దాటిస్తారా పిల్లని? గోరువెచ్చటి నీళ్ళేగా పోసేది?”

పీట వేసి ఉంది. బకెట్లో నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. పొయ్యకపోతే ఈ ఇల్లూ పోతుంది. ఆపైన ఈ అపార్ట్‌మెంటూ, దీని పక్కదీ పోతాయి. ఆసుపత్రిలో మళ్ళీ ఏమీ లేదని తేలిందో, అమీర్‌పేటలో ఆమెను పిలిచేవాళ్ళుండరు. పోశవ్వ పీట వైపు చూడనైనా లేదు. తలుపుకు అడ్డంగా నిలబడి దండం పెట్టింది. ఈసారి నిజంగానే పెట్టింది.

“అమ్మా, కాళ్ళు మొక్కుత. నీళ్ళు తాకనియ్యకు. నా బిడ్డను నీళ్ళే తీస్కపోయినయ్.”

హైందవి లేచి కూర్చుంది. కుట్లు లాగినట్టున్నాయి, పళ్ళు బిగబట్టింది. “అమ్మా, నువ్వు పక్కకి జరుగు. ఏం చేయాలో చెప్పు పోశవ్వా.”

పోశవ్వ ఏసీ ఆపించింది. చందనం పొడిగుడ్డతో తుడిచింది. హైందవి నైటీ ముందు భాగం విప్పించి, పిల్లను బట్టల్లేకుండా తల్లి గుండెకు ఆనించి, తలకు టోపీ పెట్టి, తన భుజం మీది తువ్వాలతో ఒకటి, హైందవి చున్నీతో ఒకటి రెండు చుట్లు చుట్టి వెనక ముడి వేసింది. బట్టకు తనదైన వేడి ఉండదు, మనిషికే ఉంటుంది. చల్లబడ్డ బిడ్డను ఎన్ని గుడ్డల్లో చుట్టినా లోపల చలే మిగులుతుంది. నర్సు చెప్పిన మాటే అది.

కారెక్కగానే ఫణీంద్ర చెయ్యి అలవాటు కొద్దీ ఏసీ మీదికి పోయింది.

“వద్దు సార్! అద్దాలు సుత దించకు.”

పంజాగుట్ట ఎంతో దూరం లేదు. ఖాళీగా ఉంటే పది నిమిషాలు. ఆ రోజు అమీర్‌పేట చౌరస్తా దాటడానికే అంత పట్టింది. మే నెల ఎండ, అద్దాలు బిగించిన కారు, లోపల ఊపిరాడని ఉక్క. ఫణీంద్ర చొక్కా వీపుకు అతుక్కుపోయింది. హైందవి జుట్టులోంచి చెమట ధారగా కారుతోంది. పక్కన బైకు మీద ఉన్నవాడు వంగి చూసి, పిచ్చివాళ్ళనుకున్నాడేమో, తల తిప్పుకున్నాడు. నలుగురిలో ముగ్గురు ఉడికిపోతున్నారు. నాలుగో మనిషికి మాత్రం ఆ వేడి అందడం లేదు.

పోశవ్వ చున్నీ లోపలికి చెయ్యి పెట్టి పాదం పట్టుకుంది. ఏమీ తెలియడం లేదు. మొద్దు వేళ్ళు. రెప్ప ఆనించడానికి వీల్లేదు, ముడి విప్పాలి.

“మాట్లాడు బిడ్డతోని,” అంది హైందవితో. “పిలువు.”

“ఇంకా పేరు పెట్టలేదు.”

“ఏదో ఒకటి పిలువు తల్లీ.”

“చిన్నీ,” అంది హైందవి. “చిన్నీ. చిన్నీ. చిన్నీ.”

ఫ్లైఓవర్ ముందు మళ్ళీ ఎర్ర సిగ్నల్. దీపం కింద అంకెలు తొంభై నుంచి దిగుతున్నాయి. ఫణీంద్ర హారన్ మీద చెయ్యి తియ్యలేదు. యాభై. నలభై. హైందవి పిలవడం ఆపి వింటోంది. “ఊపిరి తెలుస్తోందా?” అంది. పోశవ్వ చెవి పెట్టింది. చప్పుడు ఉంది. అది తల్లి గుండెదో, బిడ్డదో ఆమెకు తెలియలేదు.

“ఉంది,” అని చెప్పింది. అబద్ధమేమోనని పంజాగుట్ట చేరేదాకా భయపడుతూనే ఉంది.

పిల్లల ఆసుపత్రిలో నర్సు చంకలో థర్మామీటరు పెట్టి చూసి గట్టిగా ఎవరినో పిలిచింది. ముప్ఫై నాలుగున్నర డిగ్రీల సెల్సియస్. ఉండాల్సింది కనీసం ముప్ఫై ఆరున్నర. రక్తంలో చక్కెర కూడా పడిపోయింది. డాక్టరు తలెత్తకుండానే అడిగింది: “స్నానం చేయించారా?”

“లేదు,” అన్నాడు ఫణీంద్ర.

“మంచిది,” అంది. అంతే. పిల్లను లోపలికి తీసుకుపోయారు.

బయట కుర్చీల్లో ఏసీ చల్లగా వీస్తోంది. పోశవ్వ కొంగు కప్పుకుని మూలకు కూర్చుంది. ఇన్‌ఫెక్షన్ కూడా ఉండొచ్చనీ, రెండు రోజులదాకా ఏమీ చెప్పలేమనీ ఎవరో వచ్చి చెప్పిపోయారు. హైందవి గుండె మీద చున్నీ అలాగే పట్టుకుని ఉంది, లోపల ఇంకా ఎవరో ఉన్నట్టు.

కమలకుమారి ఆటోలో వచ్చింది. అదే పట్టుచీర. తిన్నగా పోశవ్వ ముందుకొచ్చి నిలబడింది.

“నువ్వా మాట అనకపోయుంటే…” అని మొదలుపెట్టి, పూర్తి చెయ్యలేక పక్క కుర్చీలో కూలబడింది. చిన్న గొంతుతో అడిగింది. “నా వల్లేనా?”

ఇలాంటప్పుడు అనడానికి మనవాళ్ళు తయారుగా ఉంచుకున్న మాటలు చాలా ఉన్నాయి. అంతా ఆ పైవాడి లీల, మన చేతుల్లో ఏముంది, అమ్మమ్మ ప్రేమ తప్పు చేస్తుందా. పోశవ్వకు ఆ మాటలన్నీ తెలుసు. ఒకప్పుడు ఆమెకే చెప్పారు.

“ఏసీ, తడిగుడ్డ, చందనం. అవునమ్మా,” అంది. “గానీ నీకు ఎరుక లేకపాయె. నాకు సుత ఎరుక లేకుండె.”

ఆ పైన సిరిసిల్ల సంగతి చెప్పింది. ఇనుములాంటి పాదం, మెచ్చుకుని పోయిన వాడవాళ్ళు, నాలుగోరోజు నీళ్ళు. కమలకుమారి ఏడవలేదు. మధ్యలో ఒక్కటే అడిగింది. “పొట్ట కూడా చూడాలా?”

సాయంత్రానికి వేడి ముప్ఫై ఆరు దాటింది. మూడో రోజుకు బిడ్డ పాలు తాగింది. రక్తంలో ఇన్‌ఫెక్షన్ కొద్దిగా ఉందన్నారు. చలి వల్ల అది వచ్చిందో, దాని వల్ల ఒళ్ళు చల్లబడిందో డాక్టరు తేల్చలేదు. కమలకుమారి కూడా తేల్చుకోలేదు, తేలినా నమ్మేది కాదు. ఎనిమిదో రోజున ఇంటికి పంపారు.

బారసాల ఆలస్యంగా చేశారు. రాగసుధ అని పేరు పెట్టారు. వచ్చినవాళ్ళందరూ అక్షింతలు వేసి, చల్లగా నూరేళ్ళుండమన్నారు. కమలకుమారి వంతు వచ్చినప్పుడు వంగి, మనవరాలి పాదాలు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. చాలాసేపు అలాగే ఉంది. “ఆంటీ, సూపర్! ఇంకోసారి,” అన్నాడు ఫోటోగ్రాఫర్. ఆమె ఇంకోసారి అద్దుకుంది. ఫోటో కోసం కాదని పీట పక్కన నిలబడ్డ పోశవ్వకు తెలుసు.

ఇప్పుడు రోజూ ఆరింటికి బల్కంపేట గదిలో ఫోన్ మోగుతుంది. ఉప్పలయ్య దుప్పటి ముసుగులోంచే అంటాడు: “ఎత్తు. నీ చెల్లె చేస్తుంది.”

“పోశవ్వా, నేనే,” అంటుంది కమలకుమారి. భీమవరం తిరుగు టికెట్ రెండుసార్లు మార్చుకుంది. “కాళ్ళు చూశాను. వెచ్చగానే ఉన్నాయి. కుడికాలు కొంచెం… ఏమో, నాకే అనిపిస్తోందేమో. రాత్రి ఒక్కసారే ఏడ్చింది. ఎప్పుడూ రెండుసార్లు ఏడుస్తుంది కదా?”

“పొట్ట?”

“పొట్ట చూడలేదు. నిద్రలో ఉంది.”

“సూసి చెప్పమ్మా. నేను పట్టుకునే ఉంట.”

అవతల ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు. అడుగులు. తలుపు. తర్వాత ఏమీ లేదు. ఉప్పలయ్య దుప్పటి తొలగించి లేచి కూర్చున్నాడు. పోశవ్వ ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుని, కళ్ళు మూసుకుని, వింటోంది.